రేకు డబ్బాలో పనితనం

ఆయిల్ ఫిల్టర్లను పరీక్షించే ప్రయోగశాలల్లో వాడేది ఎడారి దుమ్మే. ఒకప్పుడు అమెరికాలోని అరిజోనా ఎడారి మట్టిని జల్లించి, రేణువుల సైజును బట్టి వేరుచేసి ఫిల్టర్ కంపెనీలకు అమ్మేవారు. ఇప్పుడు ఆ దుమ్ముకు ఐఎస్ఓ 12103 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. కొలత ప్రకారం నూనెలో దుమ్ము కలుపుతారు, ఫిల్టర్ గుండా మళ్ళీ మళ్ళీ తిప్పుతారు, ముందు ఎన్ని రేణువులున్నాయి, దాటాక ఎన్ని మిగిలాయి అని లెక్కపెడతారు. బహ్రెయిన్‌లో కారు నడిపేవాడికి ఈ పరీక్ష ఖర్చు లేకుండానే జరిగిపోతుంది. వేసవిలో షమాల్ గాలి లేచిందంటే మనామా మేడలు సగం కనబడవు. మర్నాడు బానెట్ ఎత్తితే ఎయిర్ ఫిల్టర్ మడతల నిండా సన్నటి ఇసుక.

ఇంజన్‌లోకి దుమ్ము ఎక్కువగా గాలితోనే వెళ్తుంది కాబట్టి మొదటి కాపలా ఎయిర్ ఫిల్టర్‌దే. దాన్ని తప్పించుకున్నది సిలిండర్ గోడల మీదుగా నూనెలోకి దిగి, నూనెతో పాటు తిరగడం మొదలుపెడుతుంది. ఇసుకలోని క్వార్ట్జ్ చాలా రకాల ఉక్కుల కన్నా గట్టిది. బేరింగు మీద పూసిన మెత్తని లోహం దాని ముందు ఎంత?

ఈ దుమ్ము సంగతి సఖీర్‌లో రేస్ ట్రాక్ కట్టినవాళ్ళకు ముందే తెలుసు. 2004 ఏప్రిల్ 4న బహ్రెయిన్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో మధ్యప్రాచ్యపు మొట్టమొదటి ఫార్ములా వన్ రేసు జరిగింది. ఫెరారీ నడిపిన మైకేల్ షూమాకర్ గెలిచాడు. ఇసుక ఎగిరి ట్రాక్ మీద పడకుండా చుట్టుపక్కల నేల మీద జిగురు ద్రవం చల్లారు. 5.412 కిలోమీటర్ల ఆ ట్రాక్ తారులో కలిపిన కంకర ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్ క్వారీ నుంచి వచ్చింది. రాయి దిగుమతి సరుకు, దుమ్ము మాత్రం స్థానికం. అదే ఆవరణలో డ్రాగ్ స్ట్రిప్ కూడా ఉంది. చల్లబడిన రాత్రుళ్ళు అక్కడ నిస్సాన్ పాట్రోల్ జీపులు, టొయోటా సుప్రాలు, అమెరికన్ వీ8లు పరుగుపెడతాయి. సొంత కారు తెచ్చుకుని ట్రాక్ మీద నాలుగు చుట్లు తిప్పుకునే ఉద్యోగస్తులూ ఉంటారు. పెద్ద జట్లకు ఇంజనీర్లుంటారు, నూనె చుక్కను అక్కడికక్కడే పరీక్షించే ల్యాబులుంటాయి. ఈ ఉద్యోగస్తుడికి ఉండేది స్పేర్ పార్టుల కొట్టులో వరుసగా పేర్చిన డబ్బాలు, ఏది కొనాలో తెలియని సందిగ్ధం.

ఆ సందిగ్ధం తీరే చోటు సల్మాబాద్. గ్యారేజీల పేట. మలయాళీలు, పాకిస్తానీలు, వాళ్ళతో పాటు జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన మనవాళ్ళు. ఇంజన్ పని బాగా తెలిసిన మెకానిక్ దగ్గర ఫిల్టర్ కట్టర్ ఒకటి తప్పకుండా ఉంటుంది. డబ్బా చుట్టూ తిప్పుతూ రేకును కోసే చిన్న పనిముట్టు అది. రంపంతో కోస్తే రంపపు పొడి లోపల పడుతుంది, అప్పుడు కనబడే లోహం ఇంజన్‌దో రంపానిదో తేలదు. ఈ కట్టర్ పొడి రాల్చదు.

“అన్నా, దీని మీద రేసింగ్ అని రాసుంది, ఇదే వెయ్యరాదే?” అన్నాడు ఒక కుర్రాడు ఎర్ర డబ్బా చూపించి.

“ఇంజన్‌కు చదువు రాదు తమ్మీ, లోపల ఏమున్నదో చూడు.”

చూద్దాం.

పైన గుండ్రటి రేకు గిన్నె. ఒకే పలకను అచ్చులో నొక్కి లోతుగా సాగదీసి చేస్తారు కాబట్టి ప్రక్కన అతుకు ఉండదు. కింద మందపాటి ఇనుప పళ్ళెం, దానికి నడుమ మర ఉన్న పెద్ద రంధ్రం, చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు. ఈ రెంటినీ కలిపే అంచు మడత దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఆహారపు డబ్బాల మూతలు బిగించే పద్ధతే ఇక్కడా: రెండు రేకుల అంచులు ఒకదాన్నొకటి పట్టుకునేలా రెండుసార్లు చుట్టి నొక్కుతారు. నాసి డబ్బాలో ఈ మడత మీద వేలు పెట్టి తిప్పితే ఎత్తుపల్లాలు తగులుతాయి. మంచిదానిలో వేలికి ఏమీ తెలియదు. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ పంపు కొట్టే ఒత్తిడి అలల్లా ఈ అంచును తోస్తూనే ఉంటుంది. అక్కడ చీలితే నూనె టర్బో మీద పడుతుంది, ఆ తర్వాత జరిగేది మంటలార్పేవాళ్ళ పని.

నూనె చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోంచి లోపలికి వెళ్తుంది, మడతల బయటి వైపు నుంచి లోపలి వైపుకు దాటుతుంది, నడిమి గొట్టంలోంచి తిరిగి ఇంజన్‌కు వస్తుంది. బయటి చుట్టు పెద్దది కాబట్టి మురికికి చోటెక్కువ. నూనె లోపలికి నొక్కినప్పుడు మడతలు కూలిపోకుండా నడిమి గొట్టం వెన్నుదన్నుగా నిలుస్తుంది. గొట్టానికి రంధ్రాలు పొడిచే తీరులోనూ తేడాలున్నాయి. కొందరు గుండ్రటి రంధ్రాలు పొడుస్తారు, కొందరు రేకును చీల్చి రెక్కలా వంచుతారు. ఆ రెక్కలు సగమే తెరుచుకున్న డబ్బాలు కూడా మార్కెట్‌లో దొరుకుతాయి. బయటి నుంచి చూసి ఎవరూ పట్టుకోలేరు. కొనేముందు మర రంధ్రంలోకి టార్చి వేసి చూస్తే కొంత తెలుస్తుంది.

ఇక మడతలు. నన్నడిగితే ఫిల్టర్ అంటే ఇదే, మిగతాదంతా దీనికి కట్టిన ఇల్లు. మామూలు ఫిల్టర్‌లో ఉండేది చెక్క గుజ్జుతో చేసిన సెల్యులోజ్ కాగితం. వేడి నూనెలో మెత్తబడకుండా దానికి రెసిన్ పట్టించి, కాల్చి గట్టిపరుస్తారు. ఖరీదైనవాటిలో సన్నటి గాజు నూలు, దానికి దన్నుగా తీగ వల. కాగితపు నార లావుగా, వంకరటింకరగా ఉంటుంది. గాజు నూలు దానికన్నా ఎన్నో రెట్లు సన్నం. నూలు సన్నబడితే అదే మందంలో ఖాళీ ఎక్కువ మిగులుతుంది. నూనెకు దారి ఎక్కువ, రేణువు తగలడానికి పోగులూ ఎక్కువ. ఆపడమూ పోనివ్వడమూ ఒకదానికొకటి శత్రువులని అనుకుంటాం గానీ, పోగు సన్నబడే కొద్దీ ఆ శత్రుత్వం తగ్గుతుంది. ఈ వస్తువు మొత్తంలో నాకు అన్నిటికన్నా మెచ్చుకోబుద్ధయ్యేది ఇక్కడే.

రేణువు ఆగేది రంధ్రం చిన్నదైనందువల్లే అనుకుంటే పొరపాటు. రోడ్డు పక్క సర్కారు తుమ్మ కంపల్లోంచి గాలి వీస్తే ప్లాస్టిక్ సంచులు చిక్కుకుపోయినట్టు, ఇక్కడ రేణువు పోగుల అడవిలో దారి తప్పి ఎక్కడో అంటుకుంటుంది. పైపొరలోనే కాదు, లోతంతా మురికి పట్టుకునే చోటే. అందుకే మడతల సంఖ్య చూసి మోసపోకూడదు. ఇరుకు డబ్బాలో ఎక్కువ మడతలు కుక్కితే పక్కపక్క మడతలు అతుక్కుని, మధ్యలోకి నూనే వెళ్ళదు. లెక్కకు కాగితం చాలా ఉంటుంది, పనికి వచ్చేది సగం. మంచి ఫిల్టర్ కోసి మడతలు విప్పితే ఎడం అంతా ఒకేలా ఉంటుంది, చివర్లలో జిగురు ప్రతి మడత మొదలుకూ సమంగా అందుతుంది. ఒక్క మడత దగ్గర జిగురు తప్పినా, తక్కిన ఫిల్టర్ ఎంత గొప్పదైనా నూనె ఆ సందులోంచే పోతుంది.

ఎంత సన్నటి రేణువును ఆపితే చాలు? క్రాంక్ షాఫ్ట్ బేరింగులో వదిలే ఖాళీ వెంట్రుక మందం కన్నా తక్కువ. ఇంజన్ తిరుగుతున్నప్పుడు లోహాన్నీ లోహాన్నీ విడదీసే నూనె పొర ఒత్తిడి ఎక్కువున్న చోట కొద్ది మైక్రాన్లే. కాబట్టి కంటికి కనబడని రేణువే ప్రమాదకరం. 1988లో జనరల్ మోటార్స్ ఇంజనీర్లు అమెరికా ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘానికి సమర్పించిన పత్రాన్ని ఈ రంగంలో ఇప్పటికీ ఉదహరిస్తూనే ఉంటారు: 40 మైక్రాన్ల ఫిల్టర్‌తో పోలిస్తే 30 మైక్రాన్ల ఫిల్టర్ ఇంజన్ అరుగుదలను సగానికి తగ్గించింది, 15 మైక్రాన్లదైతే 70 శాతం తగ్గించింది. కొనేవాడు డబ్బా మీద ఉత్త ‘20 మైక్రాన్లు’ అన్న మాట చూసి సంతోషపడకూడదు, ఎంత శాతం అని అడగాలి. ఐఎస్ఓ 4548లోని 12వ భాగం చెప్పే పరీక్షలో దీన్ని బీటా అనే నిష్పత్తితో కొలుస్తారు. బీటా 2 అంటే రెండు రేణువులు వస్తే ఒకటి దాటిపోయింది, అంటే యాభై శాతం. బీటా 75 అంటే 75లో ఒకటే దాటింది, 98.7 శాతం. రెండు కంపెనీలూ 20 మైక్రాన్లనే రాసుకోవచ్చు, ఒకరిది బీటా 2, ఇంకొకరిది బీటా 75.

అలాగని అన్నిటికన్నా సన్నగా వడకట్టేది కొనేస్తే సరిపోతుందా? పరుగు కారు విషయంలో అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది.

నూనె పంపు ఇంజన్‌తో పాటే తిరుగుతుంది. ఇంజన్ ఎంత వేగంగా తిరిగితే అంత నూనె తోస్తుంది. ఊళ్ళో రెండు వేల ఆర్‌పీఎంలో తిరిగే కారు, సఖీర్‌లో మెయిన్ స్ట్రెయిట్ మీద ఏడు వేలు దాటుతుంది. అంత నూనె ఆ మడతల్లోంచి దాటాలి. దాటలేకపోతే ఫిల్టర్‌కు ముందూ వెనకా ఒత్తిడిలో తేడా పెరుగుతుంది. ఆ తేడా ఒక హద్దు దాటగానే లోపలున్న బైపాస్ వాల్వ్ తెరుచుకుని, వడకట్టని నూనెను నేరుగా ఇంజన్‌కు పంపిస్తుంది. మురికి నూనె మంచిది కాదు గానీ నూనే అందకపోవడం చావు. వాల్వ్‌లోని చిన్న స్ప్రింగుకు ఈ తారతమ్యం తెలుసు.

మీటర్ మీద కనబడే ఆయిల్ ప్రెషర్‌తో ఈ హద్దును కలిపి చూసి చాలామంది గందరగోళపడతారు. మీటర్ 70 పీఎస్ఐ చూపిస్తోంది, వాల్వేమో 12కే తెరుచుకుంటుందట, మరి ఎప్పుడూ తెరిచే ఉంటుందా అని. కాదు. 12 అన్నది ఫిల్టర్ ముందు ఒత్తిడికీ వెనక ఒత్తిడికీ మధ్య తేడా. కొత్త ఫిల్టర్, కాగిన నూనె ఉంటే ఆ తేడా చాలా తక్కువే ఉంటుంది. నూనె చిక్కగా ఉన్నా, మడతలు మూసుకుపోయినా, పంపు మరీ ఎక్కువ తోస్తున్నా పెరుగుతుంది. కాబట్టి ఈ హద్దు ఎంత ఉండాలో నిర్ణయించాల్సింది ఇంజన్ తయారీదారే. మార్కెట్‌లోని చాలా ఫిల్టర్లు 8 నుంచి 16 పీఎస్ఐ మధ్య తెరుచుకుంటే, సుబారు తన బాక్సర్ ఇంజన్లకు 23 దగ్గర తెరుచుకునేవి ఇస్తూ వచ్చింది. జనరల్ మోటార్స్ కూడా తర్వాతి కాలపు వీ8 ఫిల్టర్లలో ఈ అంకెను 22కు పెంచింది. పాత షెవ్రోలే స్మాల్ బ్లాక్ ఇంజన్లలోనైతే బైపాస్ ఇంజన్ బ్లాకులోనే ఉండేది, ఫిల్టర్‌లో అక్కర్లేదు. సుబారు టర్బోకు ఎక్కడో దొరికిన 10 పీఎస్ఐ ఫిల్టర్ బిగిస్తే మర సరిపోతుంది, గాస్కెట్ సరిపోతుంది, ఒక్క చుక్క కారదు. పెడల్ తొక్కినప్పుడల్లా వాల్వ్ తెరుచుకుని మురికి నూనె తిరుగుతుంటుంది, యజమానికి ఏమీ తెలియదు.

వాల్వ్ ఎక్కడ పెట్టారన్నది కూడా పనితనమే. కొందరు డబ్బా పై చివర పెడతారు. అప్పుడు అది తెరుచుకోగానే నూనె మడతలకు పట్టిన మురికి మీదుగా పారుతూ దానిలో కొంత కడిగి తీసుకుపోతుంది. మర వైపునే పెట్టినవాళ్ళు ఆ మురికిని కదిలించకుండా దారి మళ్ళిస్తారు. ధర రెండింటికీ ఇంచుమించు ఒకటే ఉండొచ్చు. ఆలోచన మాత్రం ఒకటి కాదు.

బహ్రెయిన్‌కు ఒక సౌకర్యముంది. జర్మనీలో జనవరి తెల్లవారుజామున నూనె తేనెలా చిక్కబడి, స్టార్ట్ చేయగానే బైపాస్ తెరుచుకోవడం మామూలు. ఇక్కడ చలికాలపు పొద్దున్న కూడా మామూలుగా 14, 15 డిగ్రీలు ఉంటుంది కాబట్టి ఆ బాధ దాదాపు లేదు. దానికి బదులు వేరే రెండు బాధలు. మొదటిది వేడి. వేసవిలో గాలే 40 దాటుతుంది, ట్రాక్ మీద నూనె 120 డిగ్రీలు అలవోకగా దాటుతుంది. ఫిల్టర్‌లో ఒక రబ్బరు పళ్ళెం ఉంటుంది. ఇంజన్ ఆపాక నూనె వెనక్కి జారిపోకుండా ఆపడమే దాని పని. అది లేకపోతే మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు ఖాళీ డబ్బా నిండేదాకా బేరింగులు పొడిగా తిరుగుతాయి. చవకవాటిలో ఇది నల్లటి నైట్రైల్ రబ్బరు. అంత వేడిలో కొన్ని వేల కిలోమీటర్లకే గట్టిపడి అంచు లేస్తుంది. మంచివాటిలో సిలికోన్, ఎక్కువగా నారింజ లేదా ఎరుపు రంగు, 200 డిగ్రీల్లోనూ మెత్తగానే ఉంటుంది. రంగు ఒక్కటే సాక్ష్యం కాదు గానీ, రంధ్రాల్లోంచి అగ్గిపుల్లతో నొక్కి చూస్తే మెత్తదనం తెలిసిపోతుంది. ఫిల్టర్ పక్కవాటంగానో తలకిందులుగానో బిగించే ఇంజన్లలో దీని విలువ ఇంకా ఎక్కువ.

రెండో బాధ దీవి చిన్నదవడం. ఈ చివర నుంచి ఆ చివరకు యాభై కిలోమీటర్లుండొచ్చు. కింగ్ ఫహద్ వంతెన దాటి సౌదీ వైపు వెళ్ళినప్పుడే కారుకు ఒక దూరప్రయాణం. మిగతా రోజుల్లో ఇల్లు, ఆఫీసు, మాల్. నూనె పూర్తిగా కాగకముందే ఇంజన్ ఆగిపోతుంది, కాలిన ఇంధనం నుంచి వచ్చిన తేమ ఆవిరైపోకుండా నూనెలోనే మిగిలిపోతుంది. కాగితపు నార తేమకు ఉబ్బుతుంది, వేడికి పెళుసెక్కుతుంది. గాజు నూలుకు ఈ రెండూ పట్టవు. వారమంతా మాల్‌కు తిరిగి శుక్రవారం ట్రాక్ ఎక్కే కారుకు గాజు నూలు ఫిల్టర్ మీద డబ్బు పెట్టడం వృథా కాదని నేననేది ఈ కారణం చేతనే. రోజూ వెళ్ళొచ్చే మామూలు కారుకు మాత్రం, సమయానికి మారిస్తే, మంచి కాగితం చాలు.

నూనె విషయంలో ఈ దేశం చిన్నది కాదు. అరబ్ వైపు గల్ఫ్‌లో మొదటి నూనె బావి 1932లో ఇక్కడే, జబల్ దుఖాన్ కింద పడింది. సిత్రా రిఫైనరీ 1936లో మొదలైంది. 2011లో ఫిన్లాండ్ కంపెనీ నెస్టే భాగస్వామ్యంతో అదే సిత్రాలో ఏడాదికి నాలుగు లక్షల టన్నుల ఉన్నత శ్రేణి బేస్ ఆయిల్ తీసే ప్లాంటు కట్టారు. ఖరీదైన సింథటిక్ ఇంజన్ ఆయిల్స్‌కు మూలసరుకు అదే. సల్మాబాద్‌లో తెరిచిన విదేశీ డబ్బాలో నూనె పది కిలోమీటర్ల దూరంలో పుట్టి, ప్రపంచం చుట్టి తిరిగొచ్చి ఉండొచ్చు.

ఆయిల్ ఫిల్టర్ వయసు నూరేళ్ళు దాటింది. అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్, జార్జ్ గ్రీన్‌హాల్ష్ 1923లో ప్యూరొలేటర్‌కు పేటెంట్ తీసుకున్నారు, 1924 నాటి క్రైస్లర్ కారు దాన్ని వాడింది. అప్పట్లో నూనెలో కొంత భాగమే ఫిల్టర్ దాకా వచ్చేది. మొత్తం నూనె ఫిల్టర్ గుండానే పోవడం తర్వాతి కాలపు మాట. నూనె అంతా పోవాల్సి వచ్చాకే బైపాస్ వాల్వ్‌కు అంత బాధ్యత పడింది.

కొట్టులో నిలబడ్డ మనిషికి నా సలహా ఇది. ముందు మర చూడాలి. సుప్రా 2జేజెడ్ ఇంజన్‌కు ముప్పావు అంగుళం వ్యాసం, అంగుళానికి 16 చుట్లు. సుబారు, హోండాలకు 20 మిల్లీమీటర్ల వ్యాసం, చుట్టుకూ చుట్టుకూ ఒకటిన్నర మిల్లీమీటరు. ముప్పావు అంగుళమంటే 19.05 మిల్లీమీటర్లు, అంటే తేడా ఒక్క మిల్లీమీటరు కూడా లేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టే అనిపిస్తుంది, ప్రెషర్ పడ్డాక ఊడుతుంది. మర తర్వాత బైపాస్ అంకె, ఇంజన్ పుస్తకంలో ఉన్నదే. ఈ రెండూ కుదిరాక, చోటు ఉంటే, అదే మర ఉన్న పొడవాటి డబ్బా తీసుకోవాలి. మడతల వైశాల్యం పెరుగుతుంది, నూనె నెమ్మదిగా దాటుతుంది, ఒత్తిడి తేడా తగ్గుతుంది, మురికి ఎక్కువ పడుతుంది. రేసింగ్ అన్న మాటకు పెట్టే డబ్బుతో పొడవు కొనుక్కోవచ్చు. కొన్ని రేసింగ్ ఫిల్టర్ల నెత్తిన అంగుళం నట్టు ఉంటుంది, దానికి తీగ కట్టడానికి రంధ్రమూ ఉంటుంది. డ్రాగ్ స్ట్రిప్ మీద అదురుకు వదులవకుండా అది నిజంగా ఉపయోగమే, ఊళ్ళో మాత్రం అలంకారం. నకిలీలు కూడా గల్ఫ్ మార్కెట్‌లో కొత్త కాదు. అచ్చు మసకగా ఉండి, అంచు మడత గరుకుగా ఉండి, రబ్బరు గట్టిగా ఉంటే అట్టపెట్టె మీద ఎవరి పేరున్నా తిరిగిచ్చెయ్యడం మంచిది.

బిగించేటప్పుడు పాత గాస్కెట్ ఇంజన్‌కే అంటుకుని ఉండిపోలేదని చూసుకోవాలి. కొత్తదానికి నూనె రాసి, తగిలాక ముప్పావు చుట్టు చేత్తో. రెంచితో బిగించేవాడు ఊడదీసేవాడి శాపం తింటాడు. పాతది పారేసే ముందు సల్మాబాద్ పద్ధతిలో కోసి, మడతలు పరిచి, అయస్కాంతం ఆడించాలి. అంటుకుంటే ఉక్కు, అంటుకోకుండా ఎర్రగా మెరిస్తే బేరింగు రాగి. కొత్తగా కట్టిన ఇంజన్‌లో మొదటిసారి కాస్త మెరుపు సహజం. రెండోసారీ మెరిస్తే కారు ట్రాక్ ఎక్కకూడదు.

పోర్షే, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ లాంటి ఇప్పటి కార్లలో చాలావాటికి రేకు డబ్బాయే ఉండదు. మూత విప్పి, లోపలి మడతల గుత్తిని మాత్రం మారుస్తారు. బైపాస్ ఇంజన్ వైపునే శాశ్వతంగా ఉండిపోతుంది కాబట్టి దాన్ని ఎన్నుకునే పని మనకు లేదు, దాని స్ప్రింగు బాగుందో లేదో చూసే పని ఉంది. మూత చుట్టూ ఉండే సన్నటి రబ్బరు ఉంగరం కొత్త గుత్తితో పాటే పెట్టెలో వస్తుంది, పాతదాన్నే వాడేవాళ్ళు చాలామంది. మూత ప్లాస్టిక్‌ది కాబట్టి ఎక్కువ బిగిస్తే పగులుతుంది. ఎంత బిగించాలో చాలా మూతల నెత్తినే అచ్చుపోసి ఉంటుంది: 25 న్యూటన్ మీటర్లు.